బామ్మర్ది సంతకం

మా బావ ఫుట్‌బాల్ కోచ్. నేను ఆయనకి అసిస్టెంట్‌ని. క్లబ్బులో ఛైర్మన్ దగ్గర్నుంచి గడ్డి కోసేవాడి దాకా అందరూ నన్ను బామ్మర్ది అనే పిలుస్తారు. ఆరేళ్ళుగా ఇదే వరస. ఇంతమందికి నేను బామ్మర్దినైతే మా అక్క సంగతేమిటని ఒకరికీ తట్టలేదు.

నాకు కావలసింది బావ కూర్చునే కుర్చీ. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను మంచివాడనుకుని మోసపోకండి.

ఆడే రోజుల్లో బావ సగం మ్యాచ్‌లు బెంచీ మీదే గడిపాడు. నేను ఆయనకంటే బాగా ఆడేవాణ్ణి, కావాలంటే అక్కనే అడగండి. మోకాలు పోయి నేను ఆగిపోయాను. బెంచీ మీద కూర్చుని ఆట చూసీ చూసీ ఆయన కోచ్ అయ్యాడు. మొదట కుర్రాళ్ళ జట్టు, ఆ తర్వాత రెండు క్లబ్బులు. రెండు చోట్లా మెడపట్టి గెంటేశారు. ఈ వృత్తిలో దాన్ని అనుభవం అంటారు. ఆ అనుభవం చూసే మా క్లబ్బు ఆయన్ని పిలిచింది. అక్క పోరు పడలేక నన్నూ వెంటబెట్టుకొచ్చాడు.

ప్రాక్టీసులో నేల మీద గుర్తుకి ప్లాస్టిక్ కోన్లు పెట్టడం, బంతుల్లో గాలి చూడటం, కార్డుల లెక్క రాయడం నా పనులు. కోన్లు ఎవరైనా పెడతారు. కార్డుల లెక్క అలా కాదు. మా లీగులో ఒక ఆటగాడికి నాలుగు పసుపు కార్డులు పడితే తర్వాతి మ్యాచ్ ఆడకూడదు. పొరపాటున ఆడించామా, గెలిచిన మ్యాచ్‌ని కూడా ఓడినట్టు రాసేస్తారు. అందుకని మ్యాచ్‌కి గంట ముందు మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉండేది. బావ తన చేత్తో పదకొండు పేర్లు రాసి, తల ఎత్తకుండానే, "అందరూ క్లీనేనా?" అని అడుగుతాడు. నేను నా పట్టీ చూసి, "క్లీన్" అంటాను. ఇద్దరం సంతకాలు పెడతాం. కాగితం రిఫరీ గదిలో ఇచ్చి వస్తాను. ఆ క్లబ్బులో బావ నా మాట నమ్మేది ఆ ఒక్క విషయంలోనే.

ఈ సీజన్‌లో చివరి మ్యాచ్‌కి వచ్చేసరికి మా ప్రాణం కంఠంలో ఉంది. డ్రా చేసినా చాలు, ఈ డివిజన్‌లో ఉంటాం. ఓడితే కింది డివిజన్‌కి పోతాం. ఛైర్మన్ బావని పిలిచి, జట్టు కిందికి పోతే నువ్వు బయటికి పోతావని మొహం మీదే చెప్పేశాడు. మూడో క్లబ్బు కూడా గెంటేస్తే ఇక నాలుగోది పిలవదని బావకి తెలుసు.

గురువారం నాడు లీగు ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. అంతకుముందు మ్యాచ్ అయిపోయాక, డ్రెస్సింగ్ రూముకి వెళ్ళే దారిలో ఎడమ వైపు కాపు కాసే మా లెఫ్ట్ బ్యాక్ రిఫరీని పట్టుకుని నానా మాటలూ అన్నాడు. ఆ తోపులాటలో రిఫరీ పసుపు కార్డు తీయడం మాలో ఎవరూ చూడలేదు, ఆ లెఫ్ట్ బ్యాక్‌తో సహా. అది వాడికి నాలుగోది. అందినట్టు సంతకం పెట్టి కాగితం జేబులో పెట్టుకున్నాను. బావకి చెబుదామనే పెట్టుకున్నాను. ఇది మాత్రం నమ్మండి.

శుక్రవారం ప్రాక్టీసులో చెబుదామని ఆయన దగ్గరికి వెళ్ళాను. ముందు ఆట సంగతి ఎత్తాను. "బావా, అవతలి జట్టు కుడి వింగర్ గాలిలా పరిగెడతాడు. లెఫ్ట్ బ్యాక్‌లో ఎవడు ఆడినా ఒక్కడి వల్ల కాదు. మిడ్‌ఫీల్డ్ నుంచి ఒకణ్ణి వెనక్కి లాగి తోడు పెడితే..."

బావ విజిల్ ఊది ప్రాక్టీసు ఆపాడు. పాతికమంది చుట్టూ చేరాక, "వినండ్రా, మా బామ్మర్ది గారు వ్యూహం చెబుతున్నారు" అన్నాడు. అందరూ నవ్వారు. గాలి పంపు నా చేతిలో పెట్టి, "నువ్వు బంతుల్లో గాలి చూడరా నాయనా, ఆట సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. మళ్ళీ నవ్వారు. గోల్‌కీపర్ అయితే నేల మీద కూర్చుని మరీ నవ్వాడు. కాగితం జేబులోనే ఉండిపోయింది. అయినా రేపు పొద్దున చెబుదామనే అనుకున్నాను.

శనివారం మ్యాచ్‌కి ముందు డ్రెస్సింగ్ రూములో బావ బోర్డు దగ్గర నిలబడి మార్కర్‌తో గీత గీశాడు. మిడ్‌ఫీల్డ్ నుంచి ఒకణ్ణి వెనక్కి లాగి లెఫ్ట్ బ్యాక్‌కి తోడు పెట్టాడు. అక్షరం పొల్లుపోకుండా నా మాటే. "రాత్రంతా నిద్ర లేకుండా ఆలోచించాను" అన్నాడు. కెప్టెన్ చప్పట్లు కొట్టి, "బుర్రంటే మీదే కోచ్" అన్నాడు. బావ నా వైపు తిరిగాడు.

"రాసుకో బామ్మర్దీ. ఎప్పటికైనా పనికొస్తుంది."

అప్పుడు నాకు కోపం రాలేదు. కోపమైతే మంచిదే, ఓ పూటకి తగ్గిపోతుంది. జేబు తడిమి చూసుకున్నాను, కాగితం అక్కడే ఉంది. బావ కుర్చీలో కూర్చుని పేర్లు రాశాడు. లెఫ్ట్ బ్యాక్ పేరు మూడోది.

"అందరూ క్లీనేనా?"

"క్లీన్, బావా."

ఇద్దరం సంతకాలు పెట్టాం. నా సంతకం ఎప్పటికంటే గుండ్రంగా వచ్చింది.

మ్యాచ్ ఒకటి–సున్నాతో గెలిచాం. అవతలి వింగర్‌కి ఊపిరాడనివ్వకుండా ఆపింది ఆ లెఫ్ట్ బ్యాకే. బావని భుజాల మీద ఊరేగించారు. అక్క గ్యాలరీ దిగి ఏడుస్తూ వచ్చి, ముందు మొగుణ్ణి కాదు, నన్ను కౌగిలించుకుంది. "నువ్వు పక్కనుండబట్టేరా ఆయన నిలబడ్డారు" అంది. సిగ్గేసిందని రాయాలని ఉంది. అబద్ధమెందుకు, నవ్వొచ్చింది.

సోమవారం అవతలి క్లబ్బు ఫిర్యాదు చేసింది. మంగళవారం లీగు తీర్పు వచ్చింది: మేము మూడు–సున్నాతో ఓడినట్టు. కింది డివిజన్‌కి జారిపోయాం. బుధవారం పొద్దున ఛైర్మన్ మా ఇద్దరినీ పిలిపించాడు.

నేను అద్దం ముందు తయారై వెళ్ళాను. ఆ కాగితం గురువారమే బావ చేతికి ఇచ్చానని చెబుతాను, ఆయన లెక్కచెయ్యలేదంటాను, జట్టు నాకు అలవాటే కాబట్టి ఒక్క అవకాశం ఇవ్వమని అడుగుతాను. మాటలన్నీ నోటికి వచ్చేశాయి.

ఛైర్మన్ లీగు ఆఫీసు రసీదు నా ముందు పెట్టాడు. "ఈ సంతకం నీదేగా? గురువారమే తెలిసి కూడా చెప్పలేదంటే ఏమనుకోవాలి? కావాలనే చేశావా?"

నేను నోరు తెరిచేలోపు బావ నవ్వాడు. ఉద్యోగం ఊడుతున్న మనిషి, హాయిగా నవ్వాడు.

"వీడా సార్? కావాలని చేసేంత బుర్రే ఉంటే ఆరేళ్ళు నా కోన్లు మోస్తాడా? జేబులో పెట్టుకుని మర్చిపోయుంటాడు. లిస్టు నాది, తప్పు నాది. నన్ను పంపించెయ్యండి, వీణ్ణి మాత్రం తియ్యకండి. పాపం, వీడికి ఇంకెక్కడా పని దొరకదు. కాగితాలు మాత్రం ముట్టుకోనివ్వకండి."

ఛైర్మన్ నన్ను ఎగాదిగా చూశాడు. ఆ చూపులో అనుమానం పోయి జాలి వచ్చింది. అనుమానమే నయం. "సరే, కొత్త కోచ్ సోమవారం వస్తాడు. నువ్వు కోన్లూ బంతులూ చూసుకో" అన్నాడు. అద్దం ముందు నేర్చుకున్న మాటలు ఇక పనికిరావు. బావకి ఇచ్చానంటే ఎవరు నమ్ముతారు? నేను మర్చిపోయానని నాకు తప్ప అక్కడ అందరికీ తెలిసిపోయింది.

ఆయన సామాన్ల అట్టపెట్టె నేనే మోసుకుంటూ ఇంటికి తెచ్చాను. అక్క కాఫీ ఇచ్చింది. బావ కుర్చీలో కూలబడి, "బాధపడకురా. అందరికీ అన్నీ గుర్తుండవు" అన్నాడు. నా భుజం కూడా తట్టాడు. ఆరేళ్ళలో అది మొదటిసారి. ఆ తట్టడమే భరించలేకపోయాను.

"మర్చిపోలేదు బావా. తెలిసే క్లీన్ అన్నాను. నీ కుర్చీ కోసం అన్నాను."

 బావ పొట్ట పట్టుకుని నవ్వాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా. "విన్నావుటే! వీడు నన్ను దించేశాడట! ఒరేయ్, ఇంత కష్టంలోనూ నవ్వించావురా!"

అక్క నవ్వలేదు. నా మొహంలోకి అలాగే చూసింది. చిన్నప్పటి నుంచి నా అబద్ధాలూ నిజాలూ విడదీయగలిగింది ఆవిడొక్కతే.

"వాడి మాటలకేం లెండి" అంది మొగుడితో. "వాడికంత తెలివెక్కడిది?"

సగం తాగిన కాఫీ కప్పు నా చేతిలోంచి లాక్కుంది. గుమ్మం దాకా నా వెనకే వచ్చి, లోపలికి వినపడకుండా అంది: "ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు. నాకు తమ్ముడు లేడు."

తలుపు వేసేసింది. లోపల బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.