గేటు పడ్డాక

లక్ష్మీనరసమ్మ పక్షవాతంతో మంచాన పడి ఏడు నెలలైంది. ఇన్నాళ్లకు కొడుకు హరిబాబు, కోడలు అరుణశ్రీ కలిసి ఇల్లు కదిలారు. అదీ సరదాకి కాదు. ముసలామెకు వీపున పుండ్లు పడుతున్నాయని డాక్టరు గాలిపరుపు కొనమన్నాడు. పక్కింటి మరిడమ్మను గంటసేపు ఆమె దగ్గర కూర్చోబెట్టి, బండి మీద కొత్తవలస వచ్చారు.

పరుపు కొన్నాక బజ్జీల బండి కనబడి అరుణశ్రీ ఆగమంది. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ అక్కడే నిలబడి తినేవారు. ఆగిన ఆ పది నిమిషాలకే ఇంటిదారిలోని రైల్వే గేటు పడిపోయింది. గూడ్సు వచ్చి సరిగ్గా దారికడ్డంగా నిలిచిపోయింది. ముందు వ్యాగన్లు, వెనక లారీలు, పక్కన ఆటోలు. బండి తిప్పుకోడానికి కూడా చోటు లేదు.

ఇంతలో మరిడమ్మ ఫోను చేసింది. "మీ యమ్మ పక్క తడిపేసింది బాబూ. నానొక్కదాన్నీ ఎత్తలేను. బేగి రండి."

ఫోను జేబులో పెట్టి హరిబాబు వెనక్కి తిరిగాడు. "ఇప్పుడు సంబరమేనా? బజ్జీలు కావాల నీకు! మా యమ్మ ఎప్పుడు పోతాదా అని సూస్తన్నావు."

అరుణశ్రీ బండి దిగిపోయింది. దిగి ఎక్కడికి వెళుతుంది? లారీకీ బండికీ మధ్య, పరుపు చంకన పెట్టుకుని నిలబడింది. లక్ష్మీనరసమ్మ ఆమెకు సొంత మేనత్త. ఏడు నెలలుగా గుడ్డలు మార్చిందీ, నోట్లో గంజి పోసిందీ తనే. కాదని అరవాలనుకుంది. నోరు రాలేదు, ఎందుకంటే ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు.

"అవును బావా," అంది చివరికి. "మొన్న మంగళారం అత్తకి తల దువ్వుతన్నప్పుడు అనుకున్నాను. దేవుడు తీసుకుపోతే బాగుణ్ణని. అత్తకీ సుకం, మనకీ సుకం అని. ఆ పూట నాకు కూడు దిగలేదు."

హరిబాబు తిట్టలేదు. హేండిలు పట్టుకుని, కదలని ఆ రైలునే చూస్తూ, "నానూ అనుకున్నాను," అన్నాడు. "శానాసార్లు. నీ మొహం సూడ్డానికి సిగ్గేసి, నీతో మాటాడ్డమే మానేసినాను."

వెనక హారన్లు మోగుతూనే ఉన్నాయి.

గేటు లేచేసరికి చీకటి పడింది. ఇల్లు చేరాక ముసలామెను చెరోవైపు పట్టి ఎత్తారు, తుడిచారు, కొత్త పరుపు మీద పడుకోబెట్టారు. ఆమె కోడలి చెయ్యి పట్టుకుని వదల్లేదు. హరిబాబు పళ్లెంలో అన్నం కలుపుకొచ్చి, మంచం పక్కన కూర్చుని, అరుణశ్రీ నోటికి ముద్ద అందించాడు. ఆమె తింది.