గోడలో తోవ

పొద్దున లేవగానే కుర్మయ్య చేసే మొదటి పని ఇంటి గోడలు చూసుకోవడం. రాత్రి నిండుగా ఉన్న గోడ ఒక్కోసారి తెల్లారేసరికి నిలువెత్తున తెరుచుకుని ఉంటుంది. ఇటుక రాలదు, సున్నం పెచ్చు ఊడదు. ఇరుకు గల్లీలో ఎదురొచ్చిన మనిషికి పక్కకు ఒదిగినట్టు, ఇటుకలు అటూ ఇటూ జరిగి ఒక మనిషి పట్టేంత తోవ ఇచ్చి నిలబడతాయి.

"అనంతమ్మా, ఇయ్యాల వంటింట్ల తెరుసుకుంది. ఇగ మేకలను ఎట్ల ఆపుతవో ఆపు."

"మేకలను ఆపుత గని, భాగ్యను ఎట్ల ఆపాలె?" అంది ఆయన భార్య.

అప్పటికే పక్కింటి భాగ్యలక్ష్మి బిందె చంకన పెట్టుకుని కొత్త తోవలోంచి వంటింట్లోకి వచ్చేసింది. "మంచిగైంది అత్తా, నల్లా దగ్గరైంది," అని పొయ్యి మీది కూర మూత ఎత్తి చూసి, ఇంకో తోవలోంచి వెళ్లిపోయింది. పైన ఎయిర్‌పోర్టులో దిగే విమానం ఒకటి ఇంటి కప్పును రాసుకుంటున్నట్టు పోయింది. అది పోయేదాకా మాటలాపి, ఆపిన చోటే మళ్లీ మొదలుపెట్టడం శంషాబాద్‌లో అందరికీ అలవాటే.

గోడల సంగతి కూడా గల్లీకి అంతే. ఒకరింట్లో షుగరు, ఒకరింట్లో మోకాళ్ల నొప్పులు, కుర్మయ్య ఇంట్లో గోడలు.

ఇదంతా ఆయన బిడ్డ మాధవీలత అత్తాపూర్ నుంచి తిరిగొచ్చినప్పటి నుంచి. అక్కడ మొగుడు పనికి పోతూ బయట గొళ్లెం పెట్టి పోయేవాడు. ఎందుకని అడిగితే మొదట్లో దొంగల భయమన్నాడు. తర్వాత తర్వాత అడిగినందుకే కొట్టాడు. చెయ్యి విరిగిన రోజు మధ్యాహ్నం బీరువా పక్కన గోడ తెరుచుకుంది. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా అందులోంచి నడిచి, ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల నీడ పట్టుకుని ఆరాంఘర్ దాకా వచ్చి బస్సెక్కింది. కోర్టు ముగిసింది, విడాకులొచ్చాయి. గోడలకు మాత్రం ఆ అలవాటు పోలేదు. గల్లీలో ఎవరో మగమనిషి గొంతు పెంచినా, ఎక్కడో తలుపు దబ్బున పడ్డా, ఆమెకు గుండె దడ మొదలయ్యేది. ఇంట్లో ఏదో ఒక గోడ జరిగేది.

జరిగిన చోటల్లా దర్వాజ పెట్టడానికి గగన్‌పహాడ్ నుంచి గోవర్ధన్ వచ్చేవాడు. రోడ్డు వెడల్పులో కూలిన ఇళ్ల పాత దర్వాజలు అమ్మే షెడ్డులో అతను వడ్రంగి. ట్రాలీ ఆటోలో వాటిని వేసుకొచ్చి బిగించేవాడు. ఒకటి పచ్చరంగుది. ఒకటి చిలకలు చెక్కింది. ఇంకొకటి ఎంత పొట్టిదంటే కుర్మయ్య రోజూ దానికి తల కొట్టుకుని, దాన్ని మొదట చేయించుకున్నవాడెవడో గాని వాణ్ని తిట్టేవాడు.

మొదట్లో మాధవీలత చాయ్ తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టి పోయేది. తర్వాత చేతికిచ్చింది. ఆ తర్వాత అతను చిత్రిక పడుతుంటే, ఈ చెక్క ఎవరింటిదని అడుగుతూ కాసేపు నిలబడేది. నిలబడ్డా ఒక కాలు బయటికే ఉండేది. పోయిన వారం గోవర్ధన్ అడిగేశాడు.

"గగన్‌పహాడ్‌ల రేకుల ఇల్లు కడుతున్న. నువ్వొస్తే మంచిగుంటది."

"నేనొస్తే నీ ఇంటి గోడలు నిలువయి."

"దర్వాజలు పెట్టుడే గదా నా పని."

ఆమెకు నవ్వొచ్చింది. "చూస్త," అంది. ఆ ఒక్క మాట అన్నాక వారమంతా ఆమె కాలు ఒక చోట నిలవలేదు. పోవాలని ఉంది. పోయాక తలుపు అవతల నిలబడేది ఎలాంటి మనిషో ఎట్ల తెలుస్తుంది? అత్తాపూర్ మనిషి కూడా పెండ్లిచూపుల్లో ఎంతో మెత్తగా మాట్లాడాడు.

వంటింటి దర్వాజ బిగించిన రోజు కుర్మయ్య, "అన్నిటికీ బయట గొళ్లెం గూడ పెట్టు బిడ్డా. ఎవరి పెండ్లికన్న పోవాలంటే ఇంటికాడ ఒకరు కావలి కూసుంటున్నం," అన్నాడు. గోవర్ధన్ పెట్టాడు. పెట్టాక, వడ్రంగులంతా చేసేదే, సరిగ్గా పడుతుందో లేదో బయటి నుంచి వేసి చూశాడు.

లోపల మాధవీలత అన్నం వారుస్తోంది.

ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు. అంతే, ఇంట్లో మిగిలిన గోడలన్నీ ఒక్కసారే జరిగాయి. ముందర గది కప్పు ఒక పక్కకు ఒరిగింది. మేకలు బెదిరి గల్లీలో పడ్డాయి. చేతి మీద గంజి పడ్డ మాధవీలత అప్పటికే వాకిట్లో ఉంది.

"నువ్వు లోపలున్నవని చూస్కోలేదు," అన్నాడు గోవర్ధన్.

"చూస్కోలేదా? వాడు గూడ గిదే అంటుండె. చెయ్యి ఇరగ్గొట్టి, చూస్కోలేదనే అన్నడు."

అతను గొళ్లాలన్నీ ఊడదీసి సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

వానలు పట్టాయి. తెరుచుకున్న చోట్ల నుంచి జల్లు పరుపుల మీదికి కొడుతోంది. "నేను పోను, వాడు రాడు. ఇగ అందరం తడుద్దం," అన్నాడు కుర్మయ్య. చివరికి మాధవీలతే బస్సెక్కి గగన్‌పహాడ్‌లో దిగింది.

షెడ్డులో గోవర్ధన్ ఒక్కడే ఉన్నాడు. ఆమెను చూసి రంపం కింద పెట్టాడు. ఏ కొలత దర్వాజలు కావాలో ఆమె చెబుతుండగానే, బయట వెనక్కి వస్తున్న లారీ ఒకటి షెడ్డుకు గుద్దుకుంది. షట్టర్ దబ్బున కిందికి పడి, వంగి, ఇరుక్కుపోయింది.

చీకటి. టేకు వాసన. బయట జనం అరుపులు.

మాధవీలత కదల్లేదు. గోవర్ధన్ మాత్రం వెనక గోడకు ఆనించి ఉన్న దర్వాజలను ఒక్కొక్కటే పక్కకు ఈడ్వసాగాడు. ఇద్దరు మోసే బరువులు అవి.

"ఏం చేస్తున్నవ్?"

"తోవ చేస్తున్న. గోడ తెరుసుకుంటే ఇవి నీకు అడ్డమైతయి."

"గోడ పోతే మీ షెడ్డు సేట్ ఊకుంటడా?"

"నేనే పలగ్గొట్టిన అని చెప్త."

గోడ బోసిగా తేలింది. అతను చెమట తుడుచుకుని దూరంగా, ఎదుటి మూలకు పోయి నిలబడ్డాడు. "ఇగ పో," అన్నాడు.

ఇద్దరూ గోడ వంక చూస్తూ నిలబడ్డారు. పైన విమానం ఒకటి పోయింది. గోడ గోడలాగే ఉంది.

"ఎప్పుడన్న గిట్ల ఆలస్యమైతదా?" అన్నాడు గోవర్ధన్, కొంచెం పరేషాన్‌గా.

ఆమె దగ్గరికెళ్లి అరచెయ్యి ఆనించింది. చల్లటి ఇటుకలు. వాటిలో ఏ కదలికా లేదు. గుండె కొట్టుకుంటోంది గాని, పారిపొమ్మని మాత్రం అనడం లేదు. ఆమె తిరిగి అతని వైపు చూసింది.

"ఏ తలుపేసినా ముందుగల అడగాలె, లోపల ఎవరన్న ఉన్నరా అని."

"అడుగుత."

"ప్రతిసారి. కోపమొచ్చినప్పుడు గూడ."

"అప్పుడైతే ఇంక గట్టిగ అడుగుత."

"గట్టిగ వద్దు. మెల్లగనే అడుగు."

షట్టర్ మీద ఎవరో చేత్తో బాదారు. "లోపల ఎవరన్న ఉన్నరా?" లారీ డ్రైవర్ గొంతు.

"ఉన్నం," అంది మాధవీలత.

"కట్టర్ తెస్తున్నరు అక్కా! భయపడకు!"

"భయమేం లేదన్నా," అందామె, గోవర్ధన్ నిలబడ్డ మూల వైపు నడుస్తూ. "జర నిదానంగనే తేండ్రి."