గడ టీచరుకు ఈత వచ్చా?

ఆ పేటలో ఏడాదికోసారి, ఒక ఆదివారం పొద్దున, గ్రంథాలయం పక్కనున్న హాల్లో జనం చేరి ఆ ఏడాది పోయినవాళ్ళను తలుచుకుంటారు. పెద్ద హంగామా ఏమీ ఉండదు. ఎవరో ఒకరు లేచి, పోయినవాళ్ళ గురించి ఉన్నదున్నట్టు నాలుగు మాటలు చెబుతారు, అంతే. ఆ చెప్పే పని తిరిగి తిరిగి టైలరమ్మ నెత్తిన పడింది. "అందరి కొలతలూ తెలిసినదానివి నువ్వే కదమ్మా" అన్నారు పెద్దలు. నిజానికి ఆమెకున్న గొప్ప కొలతల్లో లేదు. కుట్టుమిషను తొక్కుతూనే ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వింటుంది. సగంలో అడ్డుపడని మనిషి దొరికితే జనం కడుపులో ఉన్నదంతా కక్కేస్తారు గదా.

ఈసారి ముగ్గురు పోయారు. ఒకరు ఫ్యూజు బాబాయి. కరెంటు పోతే పేటంతా ఆయన పేరే జపించేది గానీ, ఆయన సొంత గుమ్మానికున్న బెల్లు మాత్రం పెళ్ళినాటి నుంచీ మోగలేదు. రెండోవారు బేకరీ పెద్దాయన. ఉప్పు వేయడం మరిచిపోయిన రొట్టెలను 'ఇవాళ్టి స్పెషల్' అని బోర్డు పెట్టి మరీ అమ్మిన ఘనుడు. ఈ ఇద్దరి గురించి చెప్పడం నల్లేరు మీద బండి నడక.

మూడో మనిషి గడ టీచరు. మునిసిపాలిటీ ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పేది. పొడుగు చొక్కా, మోకాళ్ళ దాకా మడిచిన పైజామా, చేతిలో ఆమెకు రెండింతలుండే వెదురు గడ. మునిగిపోతామని కంగారుపడే పిల్లలకు గడ చివర అందించేది. బద్ధకించేవాళ్ళ వీపు మీద అదే గడతో మెల్లగా పొడిచేది. పెళ్ళి చేసుకోలేదు, ఒంటరిగా ఒక గదిలో ఉండేది. పేటలో ఇప్పుడు బట్టతలలు వచ్చినవాళ్ళు కూడా ఆమె శిష్యులే.

సభ ఇంకో రెండు వారాలుందనగా, సైకిలు షాపతను ప్యాంటు తీసుకుపోదామని టైలరమ్మ దగ్గరికొచ్చాడు. గడ టీచరు మాటెత్తగానే అతని మొహం వెలిగిపోయింది.

"ఏం నోరక్కా ఆవిడది! మొదటిరోజు నేను లబోదిబోమంటుంటే, 'ఒరే, నీళ్ళు నిన్ను మింగడానికి రాలేదు. నువ్వే వాటిని మింగుతున్నావు. ముందా నోరు ముయ్యి' అంది. ఠక్కున మూశాను. తేలాను!"

"బావుంది, ఇది చెబుతాను. ఆవిడ ఈదుతుంటే ఎలా ఉండేదో కూడా చెప్పు, కలుపుతా."

సైకిలు షాపతను సంచిలో పెట్టబోతున్న ప్యాంటు మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"ఈదటమా... అదేంటక్కా, నేనెప్పుడూ చూళ్ళేదే."

ఆ సాయంత్రం లోగా దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళనూ టైలరమ్మ అదే అడిగింది. మందులషాపు ఆవిడ చూడలేదు. స్కూలు మాస్టారు చూడలేదు. ఆయన ముగ్గురు కూతుళ్ళూ చూడలేదు. గడ టీచరు గట్టు మీద నిలబడి ఉండగా చూడనివాడు లేడు, నీళ్ళలో ఉండగా చూసినవాడు లేడు.

"వదినా, వంటమాస్టరు భోంచేస్తుంటే ఎవరైనా చూశారా? ఇదీ అంతే" అంది గుండీలు కుడుతున్న ఆడపడుచు.

"వంటమాస్టరు మనం చూడకపోయినా తింటాడే. ఈవిడకి అసలు ఈత వచ్చా అని."

"పోయిన మనిషికి ఇప్పుడు పరీక్ష పెడతావా?"

నిజమే గానీ, ఆ ప్రశ్న టైలరమ్మకు పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. మర్నాడు దుకాణం ఆడపడుచుకు అప్పగించి, ఒకప్పుడు కొలనుకు కాపలా ఉన్న వాచ్‌మన్ తాత ఇంటికి బయల్దేరింది. ఆయన వరండాలో కూర్చుని పాదాలకు నూనె రాసుకుంటున్నాడు. ఆమె డొంకతిరుగుడు లేకుండా అడిగేసింది.

"రాదు" అన్నాడు తాత, ఎవరో టైమెంతయిందంటే చెప్పినంత మామూలుగా.

"రాదా!"

"ఆమె టికెట్ల కిటికీలో కూర్చునే మనిషమ్మా. ఆ కిటికీ సరిగ్గా కొలనుకెదురు. పాత మాస్టరు పిల్లలకు చెప్పే పాఠమంతా ఏళ్ళ తరబడి వింది. ఆయన ఇంకెక్కడో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు, కొత్తాయన రాలేదు. పిల్లలు ఊరుకుంటారా? దిగారు. నేను మోటారు కట్టెయ్యడానికి వెనక్కెళ్ళిన కాస్సేపట్లో ఒక పిల్ల లోతు వైపుకి జారిపోయింది. ఈమె టికెట్లు విసిరేసి, ఆకులు తీసే గడ పట్టుకుని పరిగెత్తింది. 'పట్టుకో! కాళ్ళాడించు! మోకాలు వంచకు!' అని అరుపులు. నేనొచ్చేసరికి పిల్ల గట్టు మీదుంది, ఈమె వణికిపోతోంది."

"తర్వాత?"

"తర్వాతేముంది, మర్నాడు తల్లిదండ్రులందరూ ఈవిడే నేర్పాలని కూర్చున్నారు. రాదు మొర్రో అని చెప్పబోయింది. ఎవరు వింటారు? అప్పుడు నేనే అన్నా. నోరు నీది, ఒళ్ళు నాది. నువ్వు చెప్పు, ఎవరైనా మునిగితే నేను దూకుతా అని. ఆమె గడతో ఈ గట్టునుంటే నేనా గట్టున ఉండేవాణ్ణి. ఒక్కరోజు కూడా మానలేదు."

"ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా తాతా?"

"నన్నెవరూ అడగలేదుగా. నువ్వే అడిగావు."

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే ఆడపడుచు సూది పక్కన పెట్టేసింది. "ఇది హాల్లో చెప్పావంటే కొంప మునుగుతుంది వదినా. పిల్లల్ని పంపినవాళ్ళు ఊరుకుంటారా? బతికున్నన్నాళ్ళూ దాచుకున్నది, పోయాక రట్టు చెయ్యడం పాపం."

టైలరమ్మకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఉద్యోగం నుంచి దిగిపోయిన కొన్నాళ్ళకు గడ టీచరు తన చొక్కాలన్నీ పట్టుకొచ్చి, భుజాల దగ్గర పట్టేస్తున్నాయి, కాస్త వదులు చెయ్యమంది. వయసు మీదపడుతుంటే నడుం దగ్గర బిగుతవుతాయి, లేదా ఒళ్ళు తగ్గి అన్నీ వదులవుతాయి. ఆ వయసులో భుజాలు పెరగడం టైలరమ్మ ఎక్కడా చూడలేదు. అప్పుడు బట్ట కుదించుకుపోయిందనుకుని ఊరుకుంది. మూటలు మోసేవాళ్ళకు పెరుగుతాయి భుజాలు. ఈవిడేం మోసింది?

ఆ రోజుల్లో గడ టీచరు ఆదివారాలు ఎక్కడికెళ్ళేదో అందరికీ తెలుసు. పక్క ఊళ్ళో ఉన్న చెల్లెలింటికి. తర్వాతి ఆదివారం టైలరమ్మ ఆ ఊరి బస్సెక్కింది.

చెల్లెలిది మేడ మీద గది. వరండా నిండా పూలకుండీలు. అక్క పోయిన దుఃఖం ఇంకా మొహంలో ఉంది గానీ, వచ్చినావిడను కూర్చోబెట్టి టీ ఇచ్చింది.

"మా పేటలో అందరూ టీచరుగారిని తలుచుకుంటున్నారండీ, ఆవిడ గురించి నాలుగు సంగతులు..."

"ఏ టీచరు?"

"మీ అక్కగారే."

చెల్లెలు గ్లాసు కింద పెట్టింది. "మీరు ఇల్లు తప్పొచ్చినట్టున్నారు. మా అక్క టీచరేమిటి? ఈతకొలను దగ్గర టికెట్లు చింపే ఉద్యోగం మా అక్కది."

"మొదట్లో అంతేనండీ. తర్వాత మా పేటలో సగం మందికి ఈత నేర్పింది ఆవిడే."

చెల్లెలు ఫక్కున నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్విందేమో, ఆపుకోలేకపోయింది. "మా అక్కా! ఈతా! చిన్నప్పుడు మోకాలి లోతు కాలవ దాటాలంటే నాన్న భుజమెక్కి కళ్ళు మూసుకునేది. అలాంటిది..." ఉన్నట్టుండి ఆ నవ్వు ఆగిపోయింది. "అందుకే కాబోలు నాకు చెప్పలేదు. ఇలా నవ్వుతానని."

టైలరమ్మ గ్లాసు తీసి ఆమె చేతికి అందిస్తూ అడిగింది. "ఆదివారాలు ఇక్కడికొచ్చి ఏం చేసేదండీ?"

"ఏముంది, సంచి ఇక్కడ పడేసి అలా నడిచొస్తానని వెళ్ళేది. భోజనం వేళకొచ్చేది. జుట్టంతా తడి. ఏమిటక్కా అంటే చెమట అనేది." చెల్లెలు ఆగింది. "చలికాలంలో కూడా చెమటే అనేది. నేనూ సరే అనేదాన్ని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఈ దగ్గర్లో ఈతకొలను ఏదైనా..."

"చెప్పులేసుకోండి" అంది చెల్లెలు, అప్పటికే తను లేచి.

రెండు వీధులవతల ఉందా కొలను. మెడలో ఈల వేలాడేసుకుని పిల్లల్ని వరసలో నిలబెడుతున్న శిక్షకురాలు టైలరమ్మను చూసి గట్టు వెంబడి ఎదురొచ్చింది. ఆ పేటలో పుట్టి, గడ టీచరు దగ్గరే ఈత నేర్చుకుని, పెళ్ళయి ఈ ఊరొచ్చిన పిల్లే. టీచరు పేరెత్తగానే కళ్ళు తుడుచుకుని, పిల్లల్ని కూర్చోమని చెప్పి, తనూ మెట్ల మీద కూర్చుంది.

"ఒకరోజు వచ్చి ఎదురుగా నిలబడ్డారు పిన్నీ. చేతిలో గడ లేకపోయేసరికి పోల్చుకోలేకపోయాను. 'అమ్మాయ్, నాకు ఈత నేర్పు' అన్నారు. పరాచికమాడుతున్నారనుకున్నా. నీళ్ళలోకి దిగి నిచ్చెన పట్టుకుని గజగజలాడుతుంటే, అప్పుడర్థమైంది. నాకేమో నేర్పడానికి వేరే మాటలు రావు, ఉన్నవన్నీ ఆవిడవే! తడబడి, 'నీళ్ళు మిమ్మల్ని మింగడానికి రాలేదు టీచర్, మీరే వాటిని మింగుతున్నారు, నోరు ముయ్యండి' అనేశా. అని నాలిక్కరుచుకున్నా."

"కోప్పడిందా?"

"లేదు. నోరు మూసుకున్నారు."

చెల్లెలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"ఈ వయసులో ఎందుకమ్మా ఈ పని అని నువ్వడగలేదా?" అంది టైలరమ్మ.

"అడిగాను. 'ఇన్నేళ్ళూ నేను పిల్లలకు చెప్పిందంతా నిజమో కాదో చూద్దామని' అన్నారు."

టైలరమ్మ ముందుకు వంగింది. "నిజమేనటా?"

"చాలామటుకు నిజమేనట. 'ముక్కులోకి నీళ్ళు పోతే ఏం కాదని కసిరేదాన్ని చూడు, అది మాత్రం పచ్చి అబద్ధమే అమ్మాయ్! నడినెత్తి దాకా మండుతుంది! పాపం పిల్లలు' అని తెగ బాధపడ్డారు. అప్పట్నుంచి నేనూ ఆ మాట చెప్పడం మానేశా."

"చివరికి వచ్చిందా ఈత?" ఈసారి అడిగింది చెల్లెలు.

"ఆ కొస నుంచి ఈ కొసకు ఆగకుండా వచ్చేవారు. బాతులా తల పైకెత్తుకుని, మెల్లిగా. తల ముంచండి టీచర్ అంటే వినేవారు కాదు. 'దారి చూసుకోవద్దా' అనేవారు."

తిరిగి బస్‌స్టాపు దాకా చెల్లెలు కూడా నడిచింది. దారిలో టైలరమ్మ మనసులో ఉన్నది బయటపెట్టింది. ఇదంతా హాల్లో చెప్పొచ్చా, చెప్పకూడదా?

"నన్నడుగుతారేమిటండీ" అంది చెల్లెలు. "నాకు తెలిసిన అక్క టికెట్లు చింపేది. మీకు తెలిసినావిడ వేరే. ఆవిడెవరో నాకూ వినాలనుంది. చెప్పండి, నేనూ వస్తాను."

సభ రోజు హాలు కిటకిటలాడింది. ఫ్యూజు బాబాయి బెల్లుకు నవ్వారు, బేకరీ పెద్దాయన రొట్టెలకు నవ్వారు. గడ టీచరు దగ్గరికొచ్చేసరికి టైలరమ్మ మంచినీళ్ళు తాగి, వాచ్‌మన్ తాత చెప్పింది చెప్పినట్టే చెప్పింది.

కిరాణా హోల్‌సేలు ఆయన కుర్చీ కిర్రుమనిపించి లేచాడు.

"అంటే ఏమిటమ్మా? ఈత రాని మనిషి చేతిలోనా మా పిల్లల్ని పెట్టింది మేము?"

"నా చేతిలో పెట్టారు బాబూ" అని వెనక నుంచి వాచ్‌మన్ తాత గొంతు లేచింది. "ఆమె చేతిలో గడుండేది, నా చేతులు ఖాళీగానే ఉండేవి. నీ పెద్దవాడికోసం ఒకసారి దూకాను కూడా. నీ కొడుకు చెప్పలేదా?"

కిరాణా ఆయన పక్కనే కూర్చున్న పెద్దకొడుకు వైపు చూశాడు. మీసాలొచ్చిన ఆ పెద్దమనిషి నేల చూపులు చూస్తూ, "చెబితే నువ్వు మాన్పించేస్తావని..." అని గొణిగాడు. హాలంతా గొల్లుమంది. కిరాణా ఆయన కాస్సేపు బిగదీసుకుని, ఇక లాభం లేదని తనూ నవ్వి కూర్చున్నాడు.

అప్పుడు టైలరమ్మ మిగతా సగం చెప్పింది. చొక్కాల భుజాలు, ఆదివారం బస్సు, తడి జుట్టు, నిచ్చెన పట్టుకుని వణికిన టీచరు. ముక్కులో నీళ్ళ సంగతి వచ్చేసరికి, "నేనప్పుడే చెప్పాను మండుతోందని! విన్నదా!" అని సైకిలు షాపతను అరిచాడు. బాతు ఈత దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. మందులషాపు ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

సభ అయింది గానీ జనం కదలలేదు. ముందు వరసలో ముడుచుకుని కూర్చున్న కొత్త మనిషి టీచరు చెల్లెలని తెలియగానే చుట్టూ మూగారు. మాట్లాడటానికి ఆమె దగ్గర ఏమీ లేదు, అడగడానికి మాత్రం బోలెడుంది. అక్క గట్టిగా అరిచేదా? ఇంట్లో గొంతు పెగిలేది కాదే! కోపమొస్తే ఏమనేది? ఎవరంటే ఇష్టం? స్కూలు మాస్టారు చీపురు కర్ర అందుకుని, గడ టీచరు గట్టు మీద ఎలా నడిచేదో నడిచి చూపించాడు. ఆయన కూతుళ్ళు అలా కాదు ఇలా అని ఆయన చేతిలోంచి కర్ర లాక్కున్నారు. ఎడమకాలు కాస్త ఈడ్చేదని ఒకరు, అదేం లేదని ఇంకొకరు. చెల్లెలు ఆ మొహం నుంచి ఈ మొహానికి చూపులు తిప్పుతూ, ఒక్కమాట కూడా జారిపోకూడదన్నట్టు వింటోంది.

హాలు తాళాలు చూసే ఆయన గుమ్మంలో నిలబడి తాళంచెవుల గుత్తి చప్పుడు చేశాడు. "అమ్మా, మీ బస్సు టైమవుతోందట."

"తర్వాత బస్సుకు వెళ్తాను లెండి" అంది చెల్లెలు, తల తిప్పకుండానే. "ఈ మాస్టారు చెప్పేది పూర్తి కానివ్వండి. ఆ... గడ కొలనులో పడిపోయింది, అప్పుడు?"