క్యాబినెట్‌లో నూలు ముడులు

ఎమ్మిగనూరులో మా ఇంటి కంప్యూటర్ వారం నుంచి పలకడం లేదు. పక్కింటి నాగవేణి తాను నేసే చీరల అంచులకు డిజైన్లు దాని మీదే గీస్తుంది. నా భార్య చందన నేర్పింది. చందన పోయాక కూడా ఆమె రావడం మానలేదు. ఇంట్లో మౌస్ చప్పుడు వినిపిస్తుంటే నాకూ బాగుండేది.

ఆదోని నుంచి మెకానిక్ దేవేంద్రప్పను పిలిపించాను. ఆయన క్యాబినెట్‌ను బల్ల మీద పడుకోబెట్టి, పక్క రేకు ఊడదీసి, లోపలికి వంగి చూశాడు.

"ఏందన్నా, లోపల ఎలకేమన్నా సచ్చిందా?" అంది నాగవేణి.

"ఎలక దూరినా దారి తప్పదు లేమ్మా, అంత సక్కంగ ఉండాది. ఎవురు సర్దినారు సార్ దీన్ని?"

"మా ఆవిడ" అన్నాను.

ముందు ఫ్యాన్ గాలిని లోపలికి లాగుతుంది, వెనక ఫ్యాన్ బయటికి తోస్తుంది. ఆ రెండింటి నడుమ ఒక్క వైరూ అడ్డం లేదు. అన్నీ మదర్‌బోర్డు వెనక సందులోంచి పోయి, ఎక్కడ పని ఉందో అక్కడే బయటికి వచ్చాయి. వాటిని కట్టడానికి మాత్రం ఆమె ప్లాస్టిక్ పట్టీలు వాడలేదు. మగ్గం నూలు వాడింది. డిస్కు వైర్లకు ఎరుపు, ఫ్యాన్లకు పసుపు.

దేవేంద్రప్ప అడుగున ఉన్న పవర్ సప్లై పెట్టెను తట్టాడు. "ఇదే పోయింది. కొత్తది ఏస్తా. దీని వైర్లన్నీ ఈ దారాల్లోనే ఇరుక్కున్యాయి. కత్తిరించాల" అని కత్తెర తీశాడు.

"దారాలు తెంచకుండా మార్చలేవా?"

"అదెట్ల సార్? సొక్కా ఇప్పకుండా బనీను మార్చమన్నట్లుండాది."

నాగవేణి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అవి చందన వేళ్లు వేసిన ముడులు.

"అయితే వద్దులే. మూసెయ్యి."

నాగవేణి నవ్వు ఆపి దగ్గరికొచ్చింది. "సార్, ఆ ఎర్ర దారం కొస పట్టుకోని గుంజండి."

"తెగుతుంది."

"తెగదు. ఆ ముడి చందనక్కకు నేర్పించింది నేనే. ముందు గట్టిముడి సూపిస్తే కసిరింది. 'రేపు లోపల ఏమన్నా మార్చాల్సొస్తే ఎట్లే?' అనింది. గుంజితే ఊడే ముడి నేర్పిందాకా నన్ను ఇడిస్తే గదా!"

కొస పట్టుకుని మెల్లగా లాగాను. ముడి ఇట్టే విడిపోయింది. దారం తెగకుండా నా చేతిలోకి వచ్చింది. రెండోది లాగాను. మూడోది కూడా.

"సార్, కొంచెం బిరబిర గుంజండి. బస్సు పోతాది" అన్నాడు దేవేంద్రప్ప, కత్తెర సంచిలో వేసుకుంటూ.

కొత్త పెట్టె బిగించి స్విచ్చి వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి. నాగవేణి చప్పట్లు కొట్టింది. దేవేంద్రప్ప మళ్లీ స్విచ్చి ఆపి, వైర్లు కట్టడానికి ప్లాస్టిక్ పట్టీలు తీయబోతే ఆమె ఒప్పుకోలేదు.

"అవి మీ ఆదోనికే తీసకపో అన్నా. సార్ కడతాడు."

ఎర్ర దారంతోనే మొదలుపెట్టాను. ఆమె వంగి చూసి తల కొట్టుకుంది.

"సార్, అది గట్టిముడి. ఇప్పి, మళ్లీ ఏయండి."