నిన్నటి ముఖాలు కడిగే చేతులు

దాచుకున్నదాన్ని చెప్పమని అడగకుండా ఒక మనిషిని కాపాడటం ఎలా? కుమాసీ నగరంలోని తన అచ్చుశాల వాకిట నిలబడి అజ్యాపాంగ్ తనను తాను అడుగుతున్న ప్రశ్న ఇదే.

అక్కడ అచ్చయ్యేవి చావింటి జ్ఞాపికలు. శనివారాల్లో జరిగే అంత్యక్రియలకు వచ్చినవారికి పంచే ప్లాస్టిక్ కప్పుల మీద పోయినవారి ముఖం వేసి ఇవ్వాలి. పని ముగిశాక, రంగును కప్పు మీదికి దింపే, చట్రానికి బిగించిన సన్నని వలలోంచి ఆ ముఖాన్ని పూర్తిగా కడిగేయాలి. కొంచెం మిగిలినా, నిన్న పోయిన తాత రేపటి పెద్దమ్మ నుదుటి మీద తేలుతాడు. వలలు కడిగే అఫ్రాకోమా చేతిలో అలాంటి పొరపాటు ఎన్నడూ జరగలేదు. తడి వల మీద ఉత్త అరచేయి ఆనించి, కంటికి కనబడని రంగు ఎక్కడ నక్కి ఉందో పట్టేది. తలవంచి ఆమె పనిచేస్తుంటే అజ్యాపాంగ్‌కు తన గొంతు తగ్గించుకోవాలనిపించేది.

కడిగే ద్రావకం పీపాలో వచ్చేది. పాత థిన్నర్‌లా కళ్లు మండించదు. మెత్తని తీపి వాసన. ముక్కుకు హాయిగా ఉన్నది ఒంటికి కీడు చేయదని అందరూ నమ్మారు. మొదట నమ్మినవాడు అతడే. ఆ ఉదయం తనిఖీకి వచ్చిన నర్సు పీపా మీది చీటీ చదివి తల అడ్డంగా ఊపింది. ఇది గ్లైకాల్ ఈథర్ జాతిదని, ఊపిరితోనే కాక చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతుందని చెప్పింది. ఈ రకంతో నెత్తురు తగ్గిపోవచ్చు, మగవారి బీజం దెబ్బతినవచ్చు. గర్భానికైతే తొలి నెలల్లోనే ఎక్కువ ముప్పు. పలచని చేతి తొడుగులు దాన్ని ఆపలేవు. కడుపుతో ఉన్నవారిని ముందు ఈ పని నుంచి తప్పించమని చెప్పి వెళ్లింది.

తొలి నెలల్లో ఆ మాట బయటపెట్టే ఆడది ఆ చుట్టుపక్కల లేదు. పొట్ట తనంతట తాను చెప్పేదాకా కన్నతల్లి కూడా అడగదు. అయినా అజ్యాపాంగ్ అందరినీ పిలిచి అడిగాడు. రంగులు కలిపే దాన్సో ఒక్కడే చేయెత్తాడు.

"నా పేరు రాసుకో మామయ్యా. పొద్దున్నుంచి పుల్లమామిడి మీదికి మనసు పోతోంది."

నవ్వులు లేచాయి. అఫ్రాకోమా తల ఎత్తలేదు.

"నవ్వరా, నవ్వు. ఆ నర్సమ్మ మగాళ్ల సంగతీ చెప్పింది. అప్పుడు నీ చెవులెక్కడ పెట్టావు?" అన్నాడు అజ్యాపాంగ్.

దాన్సో చేయి నెమ్మదిగా దిగింది.

అఫ్రాకోమాకు ఇదివరకు రెండుసార్లు కడుపు నిలవలేదు. అది అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఈమధ్య వేయించిన చేప వాసన తగిలితే ఆమె ముఖం తిప్పుకోవడం అజ్యాపాంగ్ గమనించాడు. మిగిలినవారు భోజనానికి వెళ్లాక ఆమె దగ్గరికి వెళ్లి, కారణం చెప్పకుండా, ఇకమీదట కప్పులు సర్దే చోట కూర్చోమన్నాడు.

ఆమె చేతులు తుడుచుకుంది.

"నేను లేచి అక్కడ కూచుంటే సాయంత్రానికల్లా బజారంతా నా నెలలు లెక్కపెడుతుంది మామయ్యా. అది పోనీ. నా పీట మీద ఎవర్ని కూచోబెడతావు? ఆ పిల్ల కడుపులో ఏముందో నీకేం తెలుసు?"

ఆ గొంతులో ఫిర్యాదు లేదు. తన కోసం ఆమె అడిగింది ఏమీ లేదు. అంత భయం లోపల మోస్తూ, ఇంకా ఎవరో కూడా తెలియని ఒక పిల్ల గురించి ఆలోచించగలిగింది. ఆ నిబ్బరం ముందు అతడికి తన జాలి చాలా చిన్నదిగా కనిపించింది. పొద్దుటి నుంచి ఎవరిని లేపాలా అని వెదుకుతున్నాడు. లేవవలసింది పీపా.

అక్కడే నిలబడి, శనివారం కప్పులు చెప్పిన ఇంటికి ఫోన్ చేశాడు. కప్పుల పని మానేశామని, వలను ఉత్త నీళ్లతోనే కడగగలిగే, గుడ్డకు మాత్రమే పట్టే రంగుతో చేతిరుమాళ్ల మీద వేసిస్తామని అన్నాడు. అవతలి ఆవిడ పెట్టిన చీవాట్లన్నీ ఓపికగా విన్నాడు. ఆ తరువాత అఫ్రాకోమా ఒళ్లోంచి తడి వలను తీసుకుని ఆరుబయట గోడకు ఆనించాడు. పీపా మూత బిగించి, తెచ్చిన దుకాణానికే తిరిగి పంపడానికి వీధి వైపు దొర్లించసాగాడు. అప్పుడే తిరిగొచ్చిన దాన్సో, ఏమీ అడగకుండా, రెండో కొస పట్టుకున్నాడు.