మధ్య పట్టీ

బోల్తా పడిన లారీ కింది నుంచి విప్పి తెచ్చిన ఇనుప పట్టీల కమాను కట్ట నేల మీద పడేసరికి షెడ్డంతా అదిరింది. ఆమె మాత్రం తల ఎత్తలేదు. పొద్దున్నుంచి పాత కార్ల షాకులకు, జీపు స్ప్రింగులకు నల్లరంగు వేస్తూనే ఉంది. థిన్నరు వాసనకు ముక్కు, గ్రీజుకు చేతులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. నిన్న ఆస్పత్రిలో తమ్ముడు ఏడుస్తుంటే ఆమెకు ఏడుపు కూడా రాలేదు.

"అమ్మాయ్, ఇది మీ తమ్ముడి బండిదే. లారీ ఓనరు సాయంత్రానికల్లా కావాలన్నాడు," అంటూ మేస్త్రీ కట్టకున్న బోల్టులు విప్పసాగాడు.

తమ్ముడు స్టీరింగు ముందు కునుకు తీశాడని లారీ ఓనరు ఊరంతా చెప్పి, పనిలోంచి తీసేశాడు. ఇక ఇంటికి ఆమె కూలి ఒక్కటే ఆధారం. చివరికి కాలు విరిగి మంచాన పడ్డవాడే, "నిద్రపోయానేమోనక్కా. టప్పుమని ఏదో విరిగినట్టు గుర్తు. అదీ కలేనేమో," అన్నాడు. నమ్మించడమంటే అలా ఉండాలి, వాడి చేతే ఒప్పించాడు లారీ ఓనరు.

పట్టీలు ఒక్కొక్కటే విడిపోయాయి. పైవి బాగున్నాయి, కిందివీ బాగున్నాయి. మధ్యది రెండు ముక్కలు. ఆ షెడ్డు పద్ధతే అంత. బీటిచ్చిన పట్టీకి అతుకు వేసి, నున్నగా అరగదీసి, రంగు కొట్టి కట్ట మధ్యలో దూర్చేస్తారు. కొనేవాడు పైనా కిందా తట్టి చూసుకుని సంతోషంగా పోతాడు. అతుకు కనబడకుండా రంగు వేయడంలో ఆమె తర్వాతే ఎవరైనా అని షెడ్డు ఓనరు చాలాసార్లు మెచ్చుకున్నాడు.

ఆమె ఒక ముక్కను చేతిలోకి తీసుకుంది. అతుకు దగ్గరే విరిగింది. ఆరకముందే పట్టుకున్నట్టు, రంగులో బొటనవేలి అచ్చు, దానికి అడ్డంగా ఒక గాటు. ఎప్పుడో పట్టీ అంచు కోసిన ఆ గాటు ఆమె వేలికి ఇంకా ఉంది. వేలు దాని మీద పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది. గుండె ఝల్లుమనాలి. ఏమీ కాలేదు. వేలు మాత్రం తీయబుద్ధి కాలేదు.

"అట్లా చూస్తా కూచుంటే ఎలా? ఇటివ్వు, అతికించిస్తాను. రంగు కొట్టెయ్," అన్నాడు మేస్త్రీ.

"మళ్లీ మధ్యలోనేనా?"

"మరి నెత్తిన పెట్టుకుంటామా?"

ఆమె బ్రష్షును డబ్బాలోనే వదిలేసి, ఆ ముక్కను పాతగుడ్డలో చుట్టి భుజానికెత్తుకుంది. గేటు దగ్గర షెడ్డు ఓనరు అడ్డంగా నిలబడ్డాడు.

"ఎక్కడికమ్మా అది?"

"ఆస్పత్రికండి. మా తమ్ముడికి చూపించాలి. వాడు నిద్రపోలేదు."

"పిచ్చి పట్టిందా? దాని మీద రంగు ఎవరు వేశారో తెలుసా?"

"తెలుసు. అదీ వాడికి చెప్తాను."

"గేటు దాటావంటే రేపట్నించి నీకు పనిలేదు. దించు!"

ఇనుము బరువుకు భుజం సలపడం మొదలుపెట్టింది. పొద్దున్నుంచి ఆమెకు తెలిసిన మొదటి నొప్పి అదే.

"దించను," అంది.