మడత పిన్ని

టోర్నమెంటు ఎక్కడైనా పొద్దున పని ఒక్కటే. లేవగానే సొరుగు లాగి, పిన్నిని బయటికి తీసి, ఒకసారి గట్టిగా విదిలించి, కుర్చీలో కూర్చోబెట్టాలి. ఆ తర్వాతే బ్రెడ్డూ వెన్నా.

పుర్రమ్మాయి ఎడమ చేత్తో టెన్నిస్ ఆడుతుంది కనక అందరూ అలాగే పిలిచేవాళ్లు. అసలు పేరు, ఎవరితో ఎవరు ఆడాలో రాసి గోడకి అంటించే డ్రా కాగితం మీద ఉండేది. ఆ కాగితం మీద ఎక్కువ రోజులు ఉండేది కాదు కనక ఎవరికీ అలవాటు కాలేదు. ప్రపంచం మొత్తం మీద ఆమె కన్నా బాగా ఆడే ఆడవాళ్లు మూడొందల మంది చిల్లర. వినడానికి గొప్పగానే ఉంటుంది. ప్రపంచంలో మూడొందల పైచిలుకు స్థానంలో ఉన్న పళ్ల డాక్టరుకి మేడా, కారూ, కారు తుడవడానికో మనిషీ ఉంటారు. అదే స్థానంలో ఉన్న ఆటగత్తెకి ఒక బ్యాగు ఉంటుంది. మన పుర్రమ్మాయి బ్యాగులో పిన్ని ఉంటుంది.

ఇద్దరికి టికెట్లు కొనే స్తోమత లేదు కనక పిన్ని మడతపడేది. అదేం పెద్ద విద్య కాదు ఆవిడకి. వయసంతా ఇస్త్రీ దుకాణంలో గడిపిన మనిషి. ముందు చెప్పులు విప్పి, మోకాళ్లు గుండెకి చేర్చి, చేతులు చొక్కా చేతుల్లా వెనక్కి పెట్టి, నడుం దగ్గర ఒక మడత, మెడ దగ్గర ఇంకోటి వేసుకుని తువ్వాళ్లకీ బూట్లకీ మధ్య సర్దుకునేది. అప్పుడు ఆవిడ బరువు తడి తువ్వాలంత. విమానాశ్రయంలో బ్యాగులు చూసే ఆఫీసరు తెర మీద ఆవిడ్ని చూసి, "లోపల పిన్నిగారా? పడుకోబెట్టే పెట్టమ్మా, నిలబెడితే నడుం పట్టేస్తుంది" అనేవాడు. ఆ తర్వాత బ్యాగు విప్పించి, ఆవిడ చేతిలోని దగ్గు మందు సీసా లాక్కునేవాడు. సీసాలు తీసుకెళ్లకూడదట, రూలట.

హోటల్ ఆవిడ ఇంకా ఖచ్చితమైన మనిషి. "సొరుగుకి అద్దె లేదు, అలాగని దిండు అడక్కండి" అని తాళంచెవి ఇచ్చేటప్పుడే చెప్పేసింది.

పుర్రమ్మాయికి అమ్మ పోయాక పెంచింది పిన్నే. రాకెట్లూ బూట్లూ కొనడానికి ఇస్త్రీ దుకాణం అమ్మేసి, ఇస్త్రీ పెట్టె మాత్రం ఉంచుకుంది. ఎక్కడికెళ్లినా మిగతా ఆటగత్తెల బట్టలు ఇస్త్రీ చేసి పెట్టేది. చాలా వారాలు ఆట మీద వచ్చినదాని కన్నా ఇస్త్రీ మీద వచ్చిందే ఎక్కువ. ఆ మాట పిన్ని ఎప్పుడూ ఎత్తేది కాదు. ఎత్తడం లేదని మాత్రం రోజూ గుర్తు చేసేది.

ఆ పొద్దున పుర్రమ్మాయి సొరుగు కాస్త విసురుగానే లాగింది.

"మెల్లగానే! నేనేమన్నా సాక్సునా?" అంది పిన్ని కుర్చీలో సర్దుకుంటూ. "నిన్నటి కోపం ఇంకా దిగలేదా?"

దిగలేదు. అసలు పోటీ మొదలవక ముందు చిన్న పోటీ ఒకటి ఉంటుంది. అందులో నెగ్గుకొచ్చినవాళ్లకే పెద్ద పోటీలో చోటు. పుర్రమ్మాయి నిన్న ఆ చిన్న పోటీలో చివరి మెట్టు దాకా వచ్చి, గెలుస్తున్న ఆట చేతులారా పోగొట్టుకుంది. ఈ వారం పెద్ద పోటీలో ఒక్క మ్యాచ్ గెలిచుంటే ర్యాంకు కాస్త పైకి జరిగేది. జరిగుంటే వచ్చే నెల సముద్రం అవతల జరిగే మహా టోర్నమెంటులో అడుగు పెట్టనిచ్చేవాళ్లు. అక్కడ మొదటి రోజే ఓడిపోయినా సరే, ఇచ్చే డబ్బుతో ఏడాదంతా తిరగొచ్చు. ఓడినందుకు అంత డబ్బు ఇచ్చే చోటికి వెళ్లాలంటే, ఏమీ ఇవ్వని చోట గెలవాలి. ఈ లెక్క ఎవడు కట్టాడో వాడు కనపడితే రాకెట్ పెట్టి కొట్టాలని పుర్రమ్మాయి కోరిక.

ఫోన్ మోగింది. అన్నయ్య. అతనికి గచ్చు పలకల దుకాణం. చెల్లెలు ఓడినప్పుడు తప్ప ఫోన్ చేసేవాడు కాదు. అందుకని తరచుగానే చేసేవాడు.

"ఓడిపోయావటగా?"

"ఊఁ."

"ఎంతొచ్చింది?"

"గది అద్దెలో సగం."

"మిగతా సగం నేను పంపిస్తాలే. ఇక చాలమ్మా. క్లబ్బువాళ్లతో మాట్లాడేశా. సోమవారం నుంచి పిల్లలకి ఆట నేర్పడమే. నెల తిరిగేసరికి జీతం. కాకపోతే చేరాక మధ్యలో టోర్నమెంట్లూ గీర్నమెంట్లూ అని పోకూడదన్నారు. చేరతానని మాటిచ్చేశా."

"సరే అన్నయ్యా" అంది పుర్రమ్మాయి.

పిన్ని బ్రెడ్డు నములుతూ ఆగిపోయింది. "సరే అంటే?"

"సరే అంటే సరే. విసుగొచ్చింది పిన్నీ. ముప్పై దగ్గరికొస్తున్నా, ఇంకా మా పిన్ని సొరుగులో పడుకుంటోంది. పది గంటల వ్యాన్‌కి వెళ్లిపోదాం."

"సొరుగు సంగతి నేనెప్పుడైనా అన్నానా?"

"రోజూ అంటావు."

"అది వేరు" అంది పిన్ని. "పోనీ, ఆ సంతకమన్నా పెట్టు. డబ్బులేం అడగరుగా!"

ఆ సంతకం సంగతి చెప్పాలి. చివరి మెట్టు మీద జారినవాళ్లలో పై ర్యాంకువాళ్లు పొద్దున్నే వెళ్లి రిఫరీ దగ్గర సంతకం పెట్టొచ్చు. పెద్ద పోటీలో ఎవరికైనా కాలు బెణికినా, కడుపు చెడినా, ఆ ఖాళీలో వీళ్లని దింపుతారు. ఇలా దిగిన మనిషిని లక్కీ లూజర్ అంటారు. ఒక్కటే షరతు. పిలిచినప్పుడు అక్కడే ఉండాలి. లేకపోతే పక్కవాళ్లని పిలుస్తారు. దీనికోసం ఆడపిల్లలు రోజంతా ఇంకొకళ్లకి కడుపు నొప్పి రావాలని కోరుకుంటూ బల్లల మీద కూర్చుంటారు. పైకి మాత్రం ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటూ ఉంటారు.

పుర్రమ్మాయి సంతకం పెట్టింది. పిన్ని నోరు మూయించడానికి పెట్టింది గానీ ఆగడానికి కాదు. పిన్నిని మడిచి, బ్యాగు సర్ది, క్లబ్బు గేటు దగ్గరికి వచ్చింది.

గేటు దగ్గర వ్యాన్ ఆగి ఉంది. ఓడినవాళ్లని స్టేషన్‌కి ఊరికే దింపే వ్యాన్ అది. రోజుకి ఒక్కసారే. అది తప్పితే టాక్సీయే గతి. ఆ టాక్సీవాడు అడిగేదానికి ఇంకో రాత్రి హోటల్లో పడుకోవచ్చు. వ్యాన్ డ్రైవరుకి పోయినేడు ఓడినవాళ్లు కూడా గుర్తే.

"రామ్మా రా, నీ కిటికీ సీటు నీకే ఉంచా" అన్నాడు పుర్రమ్మాయిని చూసి. "పోయినేడు ఇంకో రెండు రోజులు ఆలస్యంగా వచ్చినట్టున్నావే?"

"బయల్దేరతావా, కబుర్లు చెప్తావా?"

"పిన్నిగారు ఉన్నారా?"

"ఉంది, బ్యాగులో."

"పైన పెట్టకు, కుదుపులకి ఆవిడకి వాంతులు" అని బండి స్టార్ట్ చేశాడు.

పుర్రమ్మాయి బ్యాగు ఎత్తబోయింది. బ్యాగు లేవలేదు.

పట్టీ భుజానికి తగిలించుకుని మళ్లీ లాగింది. పట్టీ కుట్లు చిటచిటలాడాయి గానీ బ్యాగు వేలెడంత కూడా కదల్లేదు. లోపల రోలు పెట్టినట్టుంది.

"పిన్నీ!"

జవాబు లేదు.

"పిన్నీ, నీ వేషాలు నాకు తెలుసు. తేలికవ్వు."

డ్రైవరు దిగొచ్చి చెయ్యి వేశాడు. వ్యాన్‌లో ఉన్న ఇద్దరు ఓడిన పిల్లలు కూడా దిగి తలో పక్కా పట్టుకున్నారు. ముందు రోజు దాకా ఒకరినొకరు ఓడించుకున్నవాళ్లంతా కలిసి లాగినా బ్యాగు అక్కడే ఉంది.

"ఏం తినిపించావమ్మా పిన్నిగారికి?" అన్నాడు డ్రైవరు నడుం పట్టుకుని. "రైలు వెళ్లిపోతుంది. బ్యాగు వదిలేసి వస్తావా?"

"పిన్నిని వదిలేసి ఎలా వస్తాను?"

"అదీ నిజమే" అన్నాడు డ్రైవరు. వ్యాన్ వెళ్లిపోయింది.

పుర్రమ్మాయి బ్యాగు పక్కనే నేల మీద కూలబడి, దాన్ని బూటుతో ఒక్కటి తన్నింది. అంతటి ఆటగత్తె బ్యాగుని పట్టుకుని తిట్టడం గేటు కాపలాదారుకి బాగా కాలక్షేపమైంది.

"ఇప్పుడు టాక్సీకి ఎవరిస్తారు? నీ ఇస్త్రీ డబ్బులా? సోమవారం నేను చేరకపోతే అన్నయ్య మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? ఎప్పుడూ నీ మాటే! చిన్నప్పుడు డాన్సు నేర్చుకుంటానన్నా. వినలేదు. ఎడమ చేతికి టెన్నిస్ మంచిదని నీకెవరో బట్టలు తెచ్చుకోడానికొచ్చినాయన చెప్పాడట! ఆయన మాట పట్టుకుని నా బతుకు..."

అక్కడే ఉంది ఇంకా, తిడుతూనే ఉంది. రిఫరీ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"నువ్వింకా ఉన్నావా? బతికించావు. నీ పై ర్యాంకు పిల్ల వ్యాన్‌లో పోయిందట. రెండో కోర్టులో ఆడాల్సిన అమ్మాయికి మెడ పట్టేసింది. పద, పద, టైము లేదు."

పుర్రమ్మాయి తిట్టు సగంలో ఆపి లేచింది. బ్యాగు మాత్రం నెమ్మదిగా దగ్గింది.

తేలికవుతుందేమో అనుకున్నారు గానీ కాలేదు. రాకెట్లన్నీ అందులోనే ఉన్నాయి. చివరికి రిఫరీ, కాపలాదారు కలిసి పూలకుండీలు మోసే తోపుడు బండి తెచ్చి, బ్యాగుని దాని మీదికి దొర్లించి, కోర్టు దాకా తోసుకొచ్చారు.

అవతల ఆడేది ముగ్గురి పిల్ల. ఆమె ఎక్కడికెళ్లినా వెనక ముగ్గురు మగవాళ్లు ఉండేవాళ్లు. ఒకాయన ఆట నేర్పేవాడు. ఇంకొకాయన కాళ్లు పట్టేవాడు. మూడో ఆయన ఏం చేసేవాడో ఆమెకి కూడా తెలియదు. కానీ జీతం తీసుకునేవాడు. ముగ్గురూ నీడలో కూర్చుని, తోపుడు బండి మీద వచ్చిన బ్యాగుని చూసి నవ్వుకున్నారు.

మొదటి సెట్ చిటికెలో పోయింది. పుర్రమ్మాయి వచ్చి బెంచీ మీద కూలబడితే, బ్యాగులోంచి సన్నగా వినపడింది. "బంతి దాని కుడి పక్కకి ఎందుకే వేస్తున్నావు? అటువైపే కదా..."

"బ్యాగుకి మొదటి హెచ్చరిక" అన్నాడు పైన కూర్చున్న అంపైరు మైకులో. "ఆట మధ్యలో సలహాలు ఇవ్వకూడదు."

"నేను సలహా ఇవ్వట్లేదు బాబూ, తిడుతున్నా."

"తిట్టడమూ కూడదండీ."

పిన్ని నోరు మూసుకుంది. ఇంకొకళ్లు చెబితే ఆవిడ నోరు మూసుకోవడం పుర్రమ్మాయి పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. దాంతో ఒళ్లు ఇంకా మండింది. తిడితే ఒక విసుగు, తిట్టకపోతే ఇంకో విసుగు. పోయిన వ్యాన్ మీదా, టాక్సీ మీదా, సోమవారం మీదా, కదలని ఆ బ్యాగు మీదా ఉన్న కోపమంతా ఎడమ చేతిలోకి దిగింది. నిన్న గెలుస్తున్న ఆటలో బంతిని కొట్టకుండా మెల్లగా నెట్టింది, ఓడిపోతే ఏమవుతుందోనని. ఇవాళ ఏమవుతుందో తెలుసు. టాక్సీ అవుతుంది. ఇక భయమెందుకు? బంతిని కొట్టిన ప్రతిసారీ "టాక్సీ!" అని అరవడం మొదలుపెట్టింది. ముగ్గురి పిల్ల అదేదో కొత్త వ్యూహం అనుకుని బెదిరిపోయింది. నీడలోని ముగ్గురూ మూడు రకాలుగా సైగలు చేశారు. ఆ పిల్ల ముగ్గురి మాటా విని పూర్తిగా చెడింది.

రెండో సెట్ పుర్రమ్మాయిది. మూడోది కూడా.

చేతులు కలిపి, రాకెట్ కింద పడేసి, పరిగెత్తుకుంటూ వచ్చి బ్యాగు జిప్పు లాగింది. పిన్ని నెమ్మదిగా విప్పుకుంది. కానీ ఎప్పటిలా జారిపోతూ కాదు. పాత తలుపులా కిర్రుమంటూ, ఒక్కో కీలూ సాగదీసుకుంటూ బయటికొచ్చింది. నిలబడి నడుం పట్టుకుంది.

"గెలిచావా?"

"గెలిచాను పిన్నీ! పోదాం పద, మడతపడు, ఇవాళ గదిలో..."

"ఇక మడత పడదే" అంది పిన్ని, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు. "తేలిగ్గా ఉండాలంటే ఒళ్లు వదిలెయ్యాలి. బరువుగా ఉండాలంటే కీళ్లన్నీ బిగించాలి. ఒక్కసారి బిగిస్తే ఆ మడత చెరిగిపోతుంది. మళ్లీ రాదు. ఇస్త్రీ చేసేవాళ్లకి తెలిసిన సంగతే ఇది."

పుర్రమ్మాయి ఆవిడ వైపే చూస్తూ నిలబడింది. "ముందే తెలుసా నీకు?"

"తెలియకపోతే ఇన్నేళ్లలో ఎన్ని వ్యాన్‌లెక్కావు, ఒక్కసారైనా ఆపానా? ఒక్కసారే పనికొస్తుందని దాచుకున్నా." పిన్ని బ్యాగులోంచి నలిగిన తువ్వాలు తీసి దులిపి మడతపెట్టింది. "మొహం తుడుచుకో. అలా చూడకు. ఆ ముగ్గురూ చూస్తున్నారు."

సాయంత్రం అన్నయ్య ఫోన్ చెయ్యలేదు. గెలిచింది కదా, ఏం మాట్లాడాలో అతనికి తెలియలేదు. చెల్లెలే చేసి, సోమవారం రానని చెప్పింది. "క్లబ్బువాళ్లకి ఏం చెప్పను?" అని అతను అడుగుతుంటే, అవతల పిన్ని గదిలో తనకి రెండో మంచం కావాలని హోటల్ ఆవిడతో బేరం మొదలుపెట్టింది. దిండు ఉచితంగా ఇచ్చేటట్టు ఒప్పందం కుదిరింది.

ఆ వారం గెలిచిన డబ్బంతా మహా టోర్నమెంటుకి వెళ్లే విమానంలో రెండో టికెట్‌కి సరిపోయింది. విమానాశ్రయంలో బ్యాగులు చూసే ఆఫీసరు తెర వైపు చూసి కంగారుపడ్డాడు.

"పిన్నిగారేరీ?"

"ఇదుగో, ఇక్కడే" అంది పిన్ని వెనక నుంచి.

ఆయన తల ఎత్తి, ఇంకాస్త ఎత్తి చూశాడు. "ఇంత పొడుగనుకోలేదండీ" అని, అలవాటు ప్రకారం దగ్గు మందు సీసా తీసుకున్నాడు.

విమానంలో పిన్ని కిటికీ పక్కన కూర్చుంది. సీటు ఇరుకంది. బ్యాగులోనే నయమంది. టికెట్ ఖరీదు అడిగి, విని, ఆ డబ్బుతో ఎన్ని బట్టలు ఇస్త్రీ చెయ్యాలో పైకే లెక్కేసింది. పుర్రమ్మాయి కళ్లు మూసుకుంది. కాసేపటికి మోచెయ్యి డొక్కలో గుచ్చుకుంది.

"ఏమే, కింద ఆ తెల్లగా ఉన్నవేంటి?"

"మబ్బులు పిన్నీ."

పిన్ని నుదురు అద్దానికి ఆనించి చాలాసేపు చూసింది. "మనం ఎప్పుడూ వీటి మీంచే వెళ్లేవాళ్లమా?"

"ఆఁ."

"ఇన్నేళ్లూ?"

"ఆఁ పిన్నీ."

"మరి ఒక్కసారైనా చెప్పవేమే!" అంది పిన్ని. ఆ కోపంతో విమానం దిగేదాకా మళ్లీ ఆమె వైపు తిరగలేదు, అద్దం మీంచి నుదురు తియ్యలేదు.